పాలసీ కాగితం లేని బీమా

దేశంలోని బీమా కంపెనీలన్నింటికీ లైసెన్సులిచ్చి, లెక్కలడిగే ఐఆర్‌డీఏఐ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. చాలా ఏళ్లు బషీర్‌బాగ్‌లోని పరిశ్రమ భవన్‌లో ఉండి, ఇప్పుడు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో నడుస్తోంది. ఆ చుట్టుపక్కల టవర్లకు కాపలా కాసేవాళ్లు, ఊడ్చేవాళ్లు తెల్లకార్డు మీద చేయించుకునే గుండె ఆపరేషన్ మాత్రం దాని పరిధిలోకి రాదు.

మొదట్లో వచ్చేది. 2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదల వైద్య పథకం ఆరోగ్యశ్రీ ప్రారంభించినప్పుడు ప్రీమియం సర్కారుది, పాలసీ స్టార్ హెల్త్ బీమా కంపెనీది. కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. 2008 జూలైలో ఆరోగ్యశ్రీ-2 వచ్చింది. కొత్తగా చేర్చిన చికిత్సల బిల్లులను కంపెనీతో పనిలేకుండా ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే చెల్లించడం మొదలుపెట్టింది. పోనుపోను పథకమంతా ట్రస్టు చేతికే వచ్చింది.

ట్రస్టు జనం దగ్గర ప్రీమియం వసూలు చేయదు, పాలసీ రాసివ్వదు. కాబట్టి అది బీమా కంపెనీ కాదు, ఐఆర్‌డీఏఐ పరిధిలోకి రాదు. సర్కారే బీమా నడపడం మనకు కొత్తేమీ కాదు. ఉద్యోగుల కోసం నిజాం ప్రభుత్వం 1907లోనే జీవిత బీమా నిధి పెట్టింది. 1938 నాటి బీమా చట్టం 118వ సెక్షన్ కూడా, కేంద్రం ఉత్తర్వు ఇస్తే ప్రభుత్వాల బీమాకు మినహాయింపు ఉండొచ్చంటుంది.

ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు జరిగిన మేలు చిన్నది కాదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర బల్ల ముందు కార్డు పెడితే చాలు. పాత జబ్బా, కొత్తదా అన్న పేచీ లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తల్లిదండ్రులకు సొంతంగా పాలసీ తీసుకోబోతే ఎదురయ్యేవి సరిగ్గా ఈ రెండే.

కానీ ఆ ఉద్యోగి క్లెయిమ్ తిరస్కరిస్తే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ట్రస్టు కాదన్న రోగికి ఆ గడప లేదు. తిరిగి ట్రస్టుకే మొరపెట్టుకోవాలి. బీమా కంపెనీ పెట్టాలంటే కనీసం 100 కోట్ల మూలధనం చూపాలి, క్లెయిములకు సరిపడా నిల్వ ఉంచాలి. ట్రస్టుకు ఆధారం బడ్జెట్ విడుదలలే. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. 2025లో బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి.

ఆరోగ్యశ్రీని మళ్లీ కంపెనీలకు అప్పగించమని నేననను. ట్రస్టుతో సంబంధం లేని ఒక అధికారి రోగుల ఫిర్యాదులు వినాలి. ఆసుపత్రుల బిల్లులకు గడువు పెట్టి, అది దాటితే వడ్డీ కట్టేలా శాసనసభ చట్టం చేయాలి.