నానార్థాల నుంచి గళ్ళ నుడికట్టు దాకా

గళ్ళ నుడికట్టు పుట్టి నూరేళ్ళు దాటింది. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చినదాన్ని మొదటిదిగా చెబుతారు. అందులో ఆధారాలు సూటిగా ఉండేవి. అర్థం ఇస్తే మాట రాయాలి, అంతే. దాన్ని మెలికలు తిప్పింది ఇంగ్లండు. 1926 నుంచి ‘అబ్జర్వర్’ పత్రికలో టార్కెమడా అనే మారుపేరుతో పవిస్ మేథర్స్ ఆధారాలను పొడుపుకథలుగా మార్చాడు. 1939లో ఆయన పోయాక ఆ పని ‘జిమెనిస్’ చేతికి వచ్చింది. అసలు పేరు మాక్‌నట్, బడిలో లాటిన్, గ్రీకు చెప్పే మాస్టారు. (ఇద్దరూ స్పెయిన్‌లో మతవిచారణ జరిపిన అధికారుల పేర్లే పెట్టుకున్నారు. పూరించేవాళ్ళను ఏం చేయదలిచారో దాచుకోలేదు!) ఆధారం దారి తప్పించవచ్చు గానీ అన్యాయం చేయకూడదన్న పద్ధతిని మాక్‌నట్ 1966లో ఒక పుస్తకంగా రాశాడు.

ఈ మెలికల్లో నాకు బాగా ఇష్టమైనది రెండర్థాల ఆధారం. అక్షరాల తారుమారు ఉండదు, కత్తిరింపులు ఉండవు. ఒకే మాటకున్న రెండర్థాలను పక్కపక్కన పెట్టి, అతుకు కనబడకుండా చదివిస్తారు. తెలుగులో చెప్పాలంటే ‘సర్కారు వసూలు చేసే చేయి’, మూడక్షరాలు. లంచం గుర్తొచ్చిందా, కూర్చినవాడు గెలిచినట్టే! సర్కారు వసూలు చేసేది పన్ను, పక్కనున్నది చేయి. రెండూ ‘కరము’. ఆధారంలో రెండు మూడు మాటలే ఉంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను, ఎక్కడ విరగ్గొట్టాలా అని చూస్తాను.

మన తెలుగు మాస్టార్లు నానార్థాలని బట్టీ పట్టించింది ఇదే కదా! కరము అంటే చేయి, తొండం, కిరణం, పన్ను అని అప్పజెప్పినవాళ్ళం. పరీక్షలో మాట ఇచ్చి అర్థాలు అడిగేవారు, ఇక్కడ అర్థాలిచ్చి మాట అడుగుతారు. 16వ శతాబ్దిలోనే పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యంతో రామకథనూ భారతకథనూ నడిపాడు. తేడా ఒక్కటే. శ్లేషలో రెండర్థాలూ బయటపడితేనే అందం, ఆధారంలో రెండోది దాక్కుంటేనే.

అందుకే ఇది కాన్వెంటు వాళ్ళ ఆట అని మన తెలుగు మీడియం మిత్రులు తప్పుకుంటే నేను ఒప్పుకోను. ‘ది హిందూ’లో 1971లో మొదలైన గళ్ళను ఏళ్ళ తరబడి కూర్చింది భాషా పండితుడు కాదు, మన నౌకాదళానికి 1958లో తొలి భారతీయ అధిపతి అయిన అడ్మిరల్ రామ్‌దాస్ కటారి. ఈసారి పేపరు చేతికొస్తే పొట్టి ఆధారాలతో మొదలుపెట్టండి. ఒక్కటి పడితే చాలు, దాని అక్షరాలు నిలువు గళ్ళలోకి దారి చూపిస్తాయి.