థైరాయిడ్ వాపు వెనుక రక్తనాళాల సంగతి: వీఈజీఎఫ్ అంటే ఏమిటి?

థైరాయిడ్ అనగానే ఇళ్లలో మాట టీఎస్‌హెచ్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. రిపోర్టులో అంకె ఎక్కువా తక్కువా, మాత్ర ఎంత మోతాదు అన్నదే చూస్తారు. కానీ గ్రంథి ఉబ్బడం, ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు చుక్కల మందు ఇవ్వడం, కొన్ని కేన్సర్ మాత్రలు వాడేవారిలో నీరసం ముదరడం, వీటి వెనుక ఇంకో సంగతి ఉంది. అవి గ్రంథిలోని రక్తనాళాలు, వాటిని పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్.

పెద్దవాళ్లలో థైరాయిడ్ బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. అంత చిన్నదైనా, బరువుతో పోల్చి చూస్తే శరీరంలో ఎక్కువ రక్తం అందుకునే అవయవాల్లో ఇదొకటి. రక్తంలోంచి అయోడిన్ లాక్కోవాలి, తయారైన హార్మోన్‌ను మళ్లీ రక్తంలోకే వదలాలి. అందుకే గ్రంథిలోని ప్రతి చిన్న సంచి చుట్టూ వెంట్రుకల్లాంటి రక్తనాళాలు బుట్ట అల్లినట్టు ఉంటాయి.

వీఈజీఎఫ్ పూర్తి పేరు వాస్క్యులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫ్యాక్టర్. రక్తనాళాల లోపలి పొరలోని కణాలకు "కొత్త కొమ్మలు వేయండి" అని చెప్పేది ఇదే. గడ్డలు పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లోనే అన్నారు. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం ఈ ప్రోటీన్‌ను విడదీసి పేరు పెట్టింది. ఇది చెడ్డ పదార్థమేమీ కాదు. గాయం మానాలన్నా, కడుపులో బిడ్డ పెరగాలన్నా కావాల్సిందే.

థైరాయిడ్ కణాలు వీఈజీఎఫ్‌ను సొంతంగా తయారు చేసుకుంటాయి. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ ఆ ఉత్పత్తిని పెంచుతుంది. తిండిలో అయోడిన్ చాలక టీఎస్‌హెచ్ పెరిగితే కణాలూ పెరుగుతాయి, వాటికి తగ్గట్టు నాళాలూ పెరుగుతాయి. గొంతు ముందు గాయిటర్ కనిపించేది అప్పుడే.

గ్రేవ్స్ జబ్బులో మాత్రం విచిత్రం జరుగుతుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, అయినా గ్రంథి ఉరకలేస్తుంటుంది. శరీరం పొరపాటున తయారు చేసిన యాంటీబాడీలు టీఎస్‌హెచ్ కూర్చునే చోటే కూర్చుని అదే ఆజ్ఞ ఇస్తుంటాయి. రక్తప్రవాహం ఎంత పెరుగుతుందంటే, కొందరి గొంతు మీద స్టెతస్కోప్ పెడితే హోరు వినిపిస్తుంది. కలర్ డాప్లర్ స్కాన్‌లో గ్రంథంతా రంగులతో మండుతున్నట్టు కనబడుతుంది. డాక్టర్లు దాన్ని "థైరాయిడ్ ఇన్ఫెర్నో" అంటారు.

ఈ తేడా చికిత్సనే మార్చేస్తుంది. గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ కారిపోయే థైరాయిడైటిస్‌లో కూడా గుండె దడ, బరువు తగ్గడం ఉంటాయి. కానీ అక్కడ రక్తప్రవాహం సాధారణంగా తక్కువ. హార్మోన్ తయారీని ఆపే కార్బిమజోల్ లాంటి మాత్రలు దానికి పనికిరావు. రేడియోధార్మిక స్కాన్ చేయకూడని గర్భిణుల్లో డాప్లర్ చాలా సాయపడుతుంది.

గ్రేవ్స్‌కు ఆపరేషన్ చేయాల్సి వస్తే ముందు మాత్రలతో హార్మోన్‌ను అదుపు చేస్తారు. తర్వాత సుమారు 7 నుంచి 10 రోజులు ల్యూగాల్స్ అయోడిన్ చుక్కలు ఇస్తారు. 1920ల్లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమ్మర్ ఈ పద్ధతి మొదలుపెట్టారు. అయోడిన్ ఆ కొద్ది రోజులు గ్రంథికి రక్తం తగ్గిస్తుంది, రక్తస్రావం భయం తగ్గుతుంది. రుచి బాగాలేదని ఈ చుక్కలు మానేయడం ఆపరేషన్ టేబుల్ మీద ప్రమాదం కొనితెచ్చుకోవడమే. అలాగని గొంతు వాచిందని ఎవరో చెబితే ఇంట్లో చుక్కలు వేసుకోకూడదు. గడ్డలున్న గాయిటర్‌లో అయోడిన్ హార్మోన్‌ను ఒక్కసారిగా పెంచేయవచ్చు.

థైరాయిడ్ కేన్సర్లలో ఎక్కువ భాగం పాపిల్లరీ రకం. చాలామందికి ఆపరేషన్, అవసరమైతే రేడియో అయోడిన్‌తో నయమవుతుంది. రేడియో అయోడిన్‌కు లొంగని కేన్సర్ ముదురుతుంటేనే వీఈజీఎఫ్ దారిని అడ్డుకునే మాత్రల మాట వస్తుంది. అమెరికాలో ఇందుకు సోరాఫెనిబ్‌కు 2013లో, లెన్వాటినిబ్‌కు 2015లో అనుమతి దొరికింది. లెన్వాటినిబ్ పరీక్షలో జబ్బు మళ్లీ ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 18.3 నెలలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 3.6 నెలలు. ఇది నయం కావడం కాదు, వాయిదా. బీపీ పెరగడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, విరేచనాలు ఉంటాయి. గాయాలు ఆలస్యంగా మానతాయి కాబట్టి పన్ను పీకించుకునే ముందు కూడా కేన్సర్ డాక్టర్‌ను అడగాలి.

ఇంట్లోవాళ్లు తరచూ గమనించనిది దీనికి రెండో వైపు. కిడ్నీ కేన్సర్‌కు వాడే సునిటినిబ్ లాంటి మాత్రలు ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్‌నూ దెబ్బతీస్తాయి. ఎలుకల్లో వీఈజీఎఫ్‌ను అడ్డుకున్నప్పుడు థైరాయిడ్‌లోని సన్నని నాళాలు కుంచించుకుపోయాయి. మనుషుల్లో హైపో థైరాయిడ్ వస్తుంది. రోగి నీరసంగా, చలికి వణుకుతూ పడుకుంటే "కేన్సర్ కదా, అలాగే ఉంటుంది" అని వదిలేస్తారు. ఆ నీరసంలో కొంత ఒక మాత్రతో తగ్గేదే కావచ్చు. అందుకే మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత క్రమం తప్పకుండా టీఎస్‌హెచ్ చూడాలి. ఇప్పటికే థైరాక్సిన్ వాడేవారికి మోతాదు పెంచాల్సి రావచ్చు.

ఇక వీఈజీఎఫ్‌కు రక్తపరీక్ష చేయించుకోవాలా అంటే, మామూలు థైరాయిడ్ రోగులకు అక్కర్లేదు. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల నుంచి కూడా ఇది విడుదలవుతుంది కాబట్టి ఆ అంకె థైరాయిడ్ గురించే చెబుతోందని అనుకోలేం. టీఎస్‌హెచ్, టీ4, అవసరాన్ని బట్టి యాంటీబాడీ పరీక్ష, అల్ట్రాసౌండ్ ఉంటే డాక్టర్ పని జరుగుతుంది.