ఆ షోర్ ఎక్కడిది?

సస్తాలో దొరికే బయటి డీఏసీ కొంటే కంప్యూటర్లో గౌహర్ జాన్ పాట సాఫ్‌గా వినిపిస్తుందా అని మా భాంజా సవాల్. జవాబు కోసం నేను తవారీఖ్ తిరగేశాను.

1902లో కలకత్తాలో ఆమె పాడినప్పుడు మైకు లేదు. బాకాలోకి గట్టిగా పాడితే, ఆ అదురుకి సూది మైనం మీద గీత గీసేది. గరగర ఆ గీతలోనే ఉంది. ఏ డీఏసీ దాన్ని తుడవలేదు.

1982లో సీడీ వచ్చింది. ఆవాజ్‌ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాశారు. ఆ అంకెల్ని తిరిగి కరెంటు అలలుగా మార్చేదే డీఏసీ. మన కంప్యూటర్లో అది ముందే ఉంటుంది. ఒకప్పుడు విడి సౌండ్ కార్డు మీద ఉండేది. 1997లో ఇంటెల్ ఏసీ'97 పద్ధతి తెచ్చాక మదర్‌బోర్డు మీదికే చేరింది. ఖర్చు తగ్గింది గానీ, ప్రాసెసర్ పడోసీ అయింది. అందుకే కొన్ని మిషన్లలో మౌస్ కదిపినా హెడ్‌ఫోన్స్‌లో కీచుమంటుంది. ఆ షోర్‌కి బయటి డీఏసీ అసలైన ఇలాజ్.

కొనేముందు పాట ఆపి, మౌస్ కదిపి వినండి. చెవిలో ఖామోషీ ఉంటే ఆ గరగర 1902 నాటిది, పైసలు జేబులోనే ఉంచుకోండి. కీచుమంటే మాత్రం బేఫికర్‌గా కొనండి.