జనం గీసే బొమ్మ

వేలమంది ఒకచోట చేరి, చేతిలోని అట్టలతోనో ఒంటిమీది దుస్తులతోనో ఒక బొమ్మను రూపొందించే ఆచారం అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ మైదానాలలో లోతుగా వేళ్ళూనుకొన్నది. దాని పుట్టుకను సాధారణంగా 1910లో కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు తలపడిన 'బిగ్ గేమ్'తో ముడిపెడతారు. విచిత్రమేమంటే, ఆ ఏళ్ళలో ఆ రెండు విద్యాలయాలూ ఫుట్‌బాల్‌ను పక్కనబెట్టి రగ్బీ ఆడుతుండేవి! కాలిఫోర్నియా విద్యార్థులు ఆనాడు ప్రత్యర్థుల గొడ్డలి బొమ్మనూ, తెల్లని నేపథ్యం మీద నీలిరంగు 'సి' అక్షరాన్నీ ప్రదర్శించారు.

ఈ విద్యకు ఆయువుపట్టు సూచనల కాగితం. ఏ పిలుపుకు ఏ రంగు ఎత్తాలో ప్రతి ఆసనానికీ రాసిపెడతారు. అయితే అట్ట పట్టుకొన్నవానికి తాను గీస్తున్న బొమ్మ కనబడదు. ఎదుటి గ్యాలరీలోని వారికే అది కనబడుతుంది. 1961 జనవరి 2న రోజ్ బౌల్ పోటీలో జరిగిన చమత్కారానికి మూలం ఇదే. కాల్‌టెక్ విద్యార్థులు కొందరు వాషింగ్టన్ జట్టు అభిమానుల కోసం సిద్ధంచేసిన 2,232 సూచనల కాగితాలను రహస్యంగా మార్చివేశారు. ఫలితంగా వాషింగ్టన్ వారే, తమకు తెలియకుండానే, టెలివిజన్ సాక్షిగా 'కాల్‌టెక్' అని రాసిచూపారు.

2004లో పెన్ స్టేట్‌లో మొదలైన 'వైట్ అవుట్'లో కాగితాల బెడద లేదు. అందరూ తెల్లని దుస్తులు ధరించి రావడమే నియమం. రంగు ఒక్కటే కాబట్టి పొరబాటుకు తావు తక్కువ, బొమ్మకూ తావు లేదు.

ఇక మన నర్సంపేట వైపు వద్దాం. పెత్రమాస నాటి ఎంగిలిపూలతో మొదలై, తొమ్మిది దినాలు సాగే బతుకమ్మలో రంగుల పొందిక ఎవరు నిర్దేశిస్తారు? తంగేడు పసుపు, బంతి నారింజ, అద్దకంలో ముంచిన గునుగు ఎరుపు, నీలం, ఆకుపచ్చ: వరుస మీద వరుసగా ఏది పేర్చాలో తల్లిని చూసి బిడ్డ నేర్చుకొంటుంది. చీర రంగు ఎవరిష్టం వారిది. కాని అడుగు, చప్పట్లు, వంగి లేవడం మాత్రం పాటనుబట్టి కలుస్తాయి. ఒకామె చరణం ఎత్తుకొంటే, తక్కినవారు 'ఉయ్యాలో' అని అందుకొంటారు. సూచనల కాగితం ఇక్కడ పాటే. దాన్ని దొంగిలించి మార్చడం అసాధ్యం, అది అందరి నోటిలోనూ ఉన్నది కనుక.

అన్నిటికంటె గమనింపదగినది వలయం. బతుకమ్మ నడుమ ఉంటుంది, ఆడేవారి ముఖాలు దానివైపే ఉంటాయి. అంటే బొమ్మను రూపొందించేవారే దాని ప్రేక్షకులు కూడా.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2016 అక్టోబరు 8న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఇరవై అడుగుల బతుకమ్మ చుట్టూ 9,292 మంది స్త్రీలు ఆడి గిన్నిస్ గ్రంథానికెక్కారు. ఒకనాడు చిన్నచూపు చూడబడిన పండుగకు అది గౌరవమే, సందేహం లేదు. కాని లెక్కకూ కెమెరాకూ ఆడినప్పుడు ఆట తీరు మారుతుంది. చూసే కన్ను వలయం వెలుపలికి, ఆపైన ఆకాశానికి చేరుతుంది. ఆడేవారు అట్టలు పట్టుకొన్నవారి వంటివారవుతారు.

స్టేడియంలో పూలు పూయవు. తంగేడు బీళ్ళలో పూస్తుంది. బీళ్ళు ఇళ్ళస్థలాలైన చోట దానిని అంగడిలో కొనుక్కోవలసి వస్తున్నది. రికార్డులను ఎవరైనా బద్దలు కొట్టవచ్చు. చెరువుగట్టు మీది వలయానికి మాత్రం పూచే బీడూ, పాట తెలిసిన ఒక ముసలమ్మా కావాలి. ఆ రెండూ ఉన్నంతకాలం ఈ బొమ్మకు వెలుపలి కన్ను అక్కరలేదు.