మజిలీ ఉంటేనే దారి

ఈసారి నేర్చుకుందామనుకున్న మాట మజిలీ. దూరప్రయాణంలో ఆగి, తిని, రాత్రికి పడుకునే చోటుని మజిలీ అంటారు. పూర్వం కాశీకి నడిచి వెళ్ళేవాళ్ళు దారిని మజిలీల లెక్కలో చెప్పుకునేవారు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన 'కాశీ మజిలీ కథలు'లో ఒక యతి, తనతో నడిచే పశువుల కాపరి కుర్రాడికి ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. కథ చెబితేనే వస్తానని ఆ కుర్రాడి షరతు!

అమెరికాలో మనం చేసే కారు ప్రయాణాలకి కూడా మజిలీల చరిత్ర ఒకటి ఉంది. రోడ్డు ఒక్కటే ఉంటే చాలదు, రాత్రికి ఆగడానికి చోటు కావాలి కదా.

1951లో కెమన్స్ విల్సన్ అనే ఆయన భార్యని, ఐదుగురు పిల్లల్ని తీసుకుని మెంఫిస్ నుంచి వాషింగ్టన్‌కి కారులో వెళ్ళాడు. దారిలో మోటెళ్ళు ఒక్కో పిల్లకి విడిగా డబ్బు తీసుకున్నాయి. ఆయనకి ఒళ్ళు మండింది. మరుసటి ఏడాది మెంఫిస్‌లో తనే మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. అమ్మానాన్నల గదిలో ఉండే పిల్లలకి అక్కడ డబ్బు అక్కర్లేదు. 1956 జూన్ 29న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పెద్ద రహదారుల చట్టం మీద సంతకం పెట్టాడు. 41,000 మైళ్ళ రోడ్లు వేయాలని, ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వమే పెట్టుకోవాలని ఆ చట్టం చెప్పింది.

కానీ ఆ మజిలీలు అందరివీ కావు. నల్లజాతి కుటుంబాలకి చాలా మోటెళ్ళు గది ఇచ్చేవి కావు. పెట్రోలు బంకుల్లో బాత్‌రూమ్ కూడా వాడనిచ్చేవారు కాదు. అందుకే న్యూయార్క్ హార్లెంలో ఉండే పోస్ట్‌మాన్ విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో 'గ్రీన్ బుక్' మొదలుపెట్టాడు. నల్లజాతివాళ్ళు ఏ ఊళ్ళో ఎక్కడ తినవచ్చో, ఎవరి ఇంట్లో పడుకోవచ్చో అందులో ఉండేది. ఆ పుస్తకం సుమారు 30 ఏళ్ళు వచ్చింది. మన ఇళ్ళలో కారులో పులిహోర, పెరుగన్నం పెట్టుకుంటాం. అది రుచి కోసం, కాస్త పొదుపు కోసం. వాళ్ళు అన్నం మూట, దుప్పట్లు పెట్టుకున్నది దారిలో ఎవరూ రానివ్వరేమోనని.

1964 జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. 216 గదుల హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ యజమాని ఆ చట్టం చెల్లదని కోర్టుకి వెళ్ళాడు. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన వాదన కొట్టేసింది. మోటెల్ తలుపు అందరికీ తెరవాల్సిందే అంది.

ఆ మరుసటి ఏడాది, 1965లో, వలస చట్టం మారింది. అంతవరకు ఇండియాకి ఏడాదికి 100 మంది కోటా. ఆ తరువాతే తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. అంటే, మజిలీలు తెరిపించిన చట్టం వచ్చాకే మనవాళ్ళు ఎక్కువగా ఈ రోడ్లెక్కారు. 1970ల చివర్లో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వచ్చాక, చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కుటుంబాలు గంటలకొద్దీ కారు నడుపుకుంటూ వెళ్ళేవి. కారులో అన్ని గంటలూ చెవిన పడేది అమ్మానాన్నల తెలుగే. మనలో చాలామందికి అదే మొదటి బడి.

గది అడిగితే ఇస్తారన్న ఆ ధీమా మనం సంపాదించింది కాదు, ఇంకొకరు పోరాడి తెచ్చింది. ఇంట్లో పిల్లలకి ఈ సంగతి కూడా చెప్పాలి.

మళ్ళీ కారెక్కినప్పుడు పెద్దవాళ్ళని ఈ మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగండి:

ఈ దేశంలో మీరు మొదట కారులో ఎక్కడికి వెళ్ళారు?
రాత్రికి ఎక్కడ మజిలీ చేశారు?
అక్కడివాళ్ళు మిమ్మల్ని ఎలా చూశారు?

జవాబు చెబితేనే పాటలు పెడతానని షరతు పెట్టండి!