సప్రమాణత భావన: ప్రజ్ఞా పరీక్షల చరిత్ర నేర్పిన పాఠం

మనోవిజ్ఞానశాస్త్ర పరిశోధనల్లో విశ్వసనీయత, సప్రమాణత అనే పదాలు జంటగా వినిపిస్తాయి. మళ్లీ మళ్లీ ప్రయోగించినా ఇంచుమించు ఒకే ఫలితాన్నిచ్చే పరీక్ష విశ్వసనీయం. దేనిని కొలుస్తానంటుందో దానినే కొలిచే పరీక్ష సప్రమాణం. దొంగ తూకపురాయి ప్రతిసారీ ఒకే తూకం చూపుతుంది. అంతమాత్రాన అది సరైన తూకం కాదు. ఈ భేదాన్ని విస్మరిస్తే కలిగే అనర్థాన్ని ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల అమెరికా చరిత్రలో స్పష్టంగా చూడవచ్చు.

1905లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ పారిస్‌లో రూపొందించిన పరీక్ష లక్ష్యం పరిమితమైనది: చదువులో ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలను గుర్తించడం. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించినప్పుడు రాబర్ట్ యెర్కీస్ బృందం ఇటువంటి పరీక్షలను సైన్యంలో సామూహికంగా ప్రవేశపెట్టింది. ఆంగ్లం చదవగలవారికి ‘ఆల్ఫా’, చదవలేనివారికి బొమ్మలతో కూడిన ‘బీటా’. దాదాపు 17 లక్షల మంది వీటిని రాశారు. అమెరికా వంటిళ్లలో వాడే ‘క్రిస్కో’ ఏ రకపు వస్తువని ఆల్ఫాలో అడిగారు. వల లేని టెన్నిస్ కోర్టు బొమ్మ చూపి, లోపించినదేమిటో గీయమని బీటాలో అడిగారు. టెన్నిస్ ఎరుగని వలస కూలీకి అది ప్రజ్ఞకు పరీక్ష కాదు, పరిచయానికి పరీక్ష.

ఈ దత్తాంశాల ఆధారంగానే 1923లో కార్ల్ బ్రిగమ్ దక్షిణ, తూర్పు ఐరోపా వలసదారుల ప్రజ్ఞ తక్కువని తీర్మానించాడు. అమెరికాలో నివాసకాలం పెరిగేకొద్దీ మార్కులు పెరిగాయన్న వాస్తవం అతని పట్టికల్లోనే ఉంది. పరీక్షను శంకించవలసిన ఆ సాక్ష్యాన్ని, మునుపు వచ్చినవారు మేలైన జాతివారనడానికి వాడుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ ప్రాంతాల వలసలను తీవ్రంగా కుదించే చట్టం వచ్చింది. దానిపై ఈ పరీక్షల ప్రభావమెంత అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. 1930లో బ్రిగమ్ తన నిర్ణయాలు నిరాధారమని స్వయంగా ఉపసంహరించుకున్నాడు. చట్టం మాత్రం నిలిచింది.

1955లో లీ క్రాన్‌బాక్, పాల్ మీల్ ‘నిర్మాణ సప్రమాణత’ను ప్రతిపాదించారు. ప్రజ్ఞ, ఆందోళన వంటి అగోచర భావనలకు ఒకే కొలమానం చాలదనీ, సిద్ధాంతంతో పొసిగే సాక్ష్యాలను ఒక్కొక్కటిగా కూడగట్టాలనీ వారి వాదం. 1989లో శామ్యూల్ మెసిక్ మరో అడుగు వేశాడు: సప్రమాణత పరీక్షకు చెందిన గుణం కాదు, మార్కులకు మనం చెప్పే అర్థానికీ వాటి వినియోగానికీ చెందినది.

అన్యభాషా మాపనులను తెలుగులోకి అనువదించి వాడే మన పరిశోధకులకు ఈ చరిత్ర దూరమైనది కాదు. మూలంలో ఉన్న సప్రమాణత అనువాదంతోపాటు దానంతటది రాదు. ఇక్కడి ప్రతివాదుల మధ్య దానిని మళ్లీ నిరూపించవలసిందే.