గోదావరి డెల్టాలో బడి భోజనం

ఇక్కడ బడి భోజనమంటే గోదావరి డెల్టాలోని ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే భోజనం. ధాన్యాగారమని పేరుపడ్డ ఈ ప్రాంతంలో పిల్లల తిండి గురించి పరిశోధకులు పదేపదే అడిగిన ప్రశ్న అన్నం ఉందా అని మాత్రమే కాదు, అన్నంలోకి ఏముంది అని కూడా.

ఆ ప్రశ్న బడి భోజనం కంటే పాతది. గోదావరి ప్రాంతం కూడా చేరిన ఉత్తర సర్కారుల్లో అప్పట్లో తరచు కనిపించిన బెరిబెరి (బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) మీద మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే గ్రంథం రాశాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి వరిసాగు పెరిగింది. తర్వాత బియ్యం మరలు వచ్చి దంపుడు బియ్యం వెనకబడింది. మరలో తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా పోతుంది. తమిళనాట ఎక్కువగా తినే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజలోకి ఇంకి కొంత మిగులుతుంది. పచ్చి బియ్యం మరపట్టించి తినే సర్కారు జిల్లాలకు ఆ రక్షణ లేదు. మెకారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెల్లగా మెరిసే అన్నం మీద మనకున్న మోజు ఒక జాతీయ సంస్థ పుట్టుకకు పరోక్షంగా కారణమైందనవచ్చు.

మద్రాసు నగరపాలక సంస్థ 1920లలో కొన్ని బడుల్లో భోజనం మొదలుపెట్టినప్పుడు గోదావరి జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. 1995 ఆగస్టు 15న వచ్చిన కేంద్ర పథకం చాలా రాష్ట్రాల్లో నెలకు 3 కిలోల గింజలు పంచడంతో సరిపెట్టింది. ఆ గింజలు ఇంటిల్లిపాది గిన్నెలో కలిసిపోయేవి, బడి పిల్లవాడి వాటా ఎంతో తేలేది కాదు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడి పొయ్యి వెలిగింది. వంట బాధ్యతను ఎక్కువచోట్ల డ్వాక్రా మహిళలు తీసుకున్నారు.

దీని ఫలితాన్ని కొలిచిన అధ్యయనాల్లో యంగ్ లైవ్స్ ముఖ్యమైనది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ఈ పరిశీలన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. కరువు సీమలైన అనంతపురం, మహబూబ్‌నగర్‌లతోపాటు కాలువ నీళ్ల పశ్చిమ గోదావరి కూడా అందులో ఉంది. ఆ సమాచారంతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చేసిన విశ్లేషణ, కరువు వల్ల ఎదుగుదల దెబ్బతిన్న చిన్నపిల్లలకు బడి భోజనం ఆ లోటును పూడ్చిందని తేల్చింది.

2020 జనవరి 21న జగనన్న గోరుముద్ద పేరుతో వంటల పట్టిక మారింది. సోమవారం కోడిగుడ్డు కూర, మంగళవారం పులిహోర, గురువారం కిచిడీ, వారానికి ఐదు గుడ్లు, మూడుసార్లు చిక్కీ. 2023 మార్చిలో ఉదయం పూట రాగిజావ చేరింది. అన్నంలోకి ఏముందన్న పాత ప్రశ్నకు ఇంత వివరమైన జవాబు ప్రభుత్వం నుంచి రావడం విశేషమే.

పట్టికతోపాటు ఫోను కూడా వంటగదిలోకి వచ్చింది. ఎంతమంది తిన్నారో, ఎన్ని గుడ్లు ఖర్చయ్యాయో ప్రధానోపాధ్యాయులు ఐఎంఎంఎస్ యాప్‌లో నమోదు చేయాల్సి వచ్చింది. అదే యాప్‌లో మరుగుదొడ్ల ఫోటోలు కూడా ఉపాధ్యాయులే తీసి పెట్టాలనడంతో వారి సంఘాలు నిరసించాయి, 2024లో ఆ పని తప్పించారు. యాప్ గుడ్లను లెక్కపెడుతుంది. కంచంలో వదిలేసిన అన్నాన్ని లెక్కపెట్టదు. పిల్లల తిండి అలవాట్లు తెలిసేది మాత్రం ఆ వదిలేసినదాంట్లోనే. అది చూసేది వడ్డించే వంటమ్మ, పక్కన నిలబడ్డ టీచరు.

2024లో పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మండపేటలో 1841లో పుట్టి, కోనసీమలోని లంకల గన్నవరంలో కాపురముండి, వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. 1909లో కన్నుమూశారు. గన్నవరం అక్విడెక్టుకు కూడా ఆమె పేరే ఉంది.

2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ భోజనం విస్తరించింది, జూన్‌లో బడులకు సన్నబియ్యం వచ్చింది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి లెక్కగట్టే బియ్యం మాత్రం రోజుకు 100 గ్రాములే.